గాజుగదికి వినబడిన పెదవి మాట

షెడ్డులో అందరూ ఆమెను రేడియో అని పిలిచేవారు. చిత్రమేమిటంటే, పనివేళల్లో ఆ రేడియో గొంతు ఎలా ఉంటుందో ఎవరూ విని ఎరగరు. వినే వీలే లేదు. ఆ మిల్లులో ఈ కొసనుంచి ఆ కొసదాకా మరమగ్గాలు. ఒక్కో మగ్గంలో నూలు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఆ చప్పుడు చెవులకే కాదు, పళ్ళకీ ఎముకలకీ కూడా తెలిసేది. చెవిలో నోరు పెట్టి అరిచినా సగం మాటే అందేది. అందుకని అక్కడి నేతపనివాళ్ళు చప్పుడుతో పోట్లాడటం ఎప్పుడో మానేశారు. గొంతు వాడకుండా పెదవులతోనే మాట్లాడుకునేవారు. పెదవులకు చాలనిది కనుబొమలతోనూ వేళ్ళతోనూ పూరించేవారు. దాన్ని వాళ్ళు పెదవి మాట అనేవారు.

నోరు పనిచేయని చోటల్లా మనిషి ఇంకో దారి వెతుక్కున్నాడు. ఒక కొండమీంచి ఎదుటి కొండకు ఈలలతో కబుర్లు పంపుకునే గొర్రెలకాపర్లున్నారు. రేవుల్లో క్రేను మీద కూర్చున్నవాడూ కింద ఓడలో నిలబడ్డవాడూ వేళ్ళతోనే బేరాలాడుకుంటారు, వేళ్ళతోనే అమ్మానాన్నల్ని తిట్టుకుంటారు. మాట్లాడబోమని ఒట్టు పెట్టుకున్న సన్యాసులు కొందరు భోజనాల దగ్గర సైగలతో ఎంత రభస చేసేవారంటే, దీనికంటే నోరు తెరిచి మాట్లాడటమే నయమని చూసినవాళ్ళు విసుక్కున్నారట. రేడియో షెడ్డూ ఆ కోవలోదే. బయటినుంచి ఎవరైనా లోపలికి వస్తే మూగవాళ్ళ మధ్యకు వచ్చామనుకునేవారు. నిజానికి అంత వాగుడు ఏ సంతలోనూ ఉండదు. ఎవరి అత్తగారు ఏమన్నదో, ఎవరి ఇంటి పైకప్పు కారుతోందో, ఎవరు ఎవరిని చూసి తల దువ్వుకుంటున్నారో పొద్దున్నే ఒక కొసన పుడితే టీ వేళకు ముందే రెండో కొసకు చేరేది. ఆ చేరవేతలో అందరికంటే చురుకు కనకనే ఆమెకు ఆ పేరు.

ఆ బాసకు కట్టుబాటు ఒక్కటే. ఎవరితోనైనా మాట్లాడటం ఇష్టం లేకపోతే ముఖం అవతలికి తిప్పుకోవడం. అది తలుపు వేసుకున్నట్టు. దాన్ని తట్టి పిలవకూడదు. ఇక రహస్యాల సంగతి అంటారా, గుట్టుగా చెప్పుకోవాల్సినవన్నీ వాళ్ళు షెడ్డులోనే చెప్పుకునేవారు. బయట అయితే గోడలకు కూడా వినబడుతుంది, ఇక్కడ చప్పుడే లేని మాట, ఎక్కడికి పోతుంది అని వాళ్ళ ధీమా. ఏళ్ళ తరబడి ఎక్కడికీ పోలేదు కూడా.

రేడియో భర్త గడియారాలు బాగుచేసేవాడు. వీధి మొగలో అద్దాల బీరువా అంత కొట్టు. రోజంతా టిక్ టిక్ తప్ప ఇంకేమీ వినని మనిషి. ఆమెకు కోపం వస్తే ఇంట్లో కూడా గొంతు పోయి పెదవులు మాత్రం ఆడేవి. ఆయన తల ఎత్తి, కంటికున్న భూతద్దం తీసి, "తిట్టదలుచుకుంటే గట్టిగా తిట్టు. నాకు చదవడం రాదు," అనేవాడు. దాంతో ఆమెకు నవ్వొచ్చి తిట్టు చెడిపోయేది.

ఆమె పక్క మగ్గాలు ఆమె వదినవి. సొంత అన్న భార్య. అన్న పెళ్ళయిన కొత్తలోనే వదిన ఆమెను మిల్లుకు తీసుకువచ్చి, పోగు ముడి వేయడమూ పెదవి మాటా రెండూ నేర్పింది. వదిన పెద్దమనిషి. తక్కువ మాట్లాడేది, ఎక్కువ చూసేది. పెళ్ళిళ్ళలో, పరామర్శల్లో, జనం నిండిన గదుల్లో ఈ చివర వదిన, ఆ చివర రేడియో కూర్చుని పెదవులు కదిపి ఊళ్ళోవాళ్ళందరి గుట్టూ విప్పేవారు. "మీ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టకూడదు," అని అన్న అనేవాడు. వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టినా గుమ్మం తెరిచి ఉంటే చాలని ఆయనకు తెలియదు.

తమ్ముడు, అంటే పిలుపుకు తమ్ముడు, వచ్చింది ఆ రోజుల్లోనే. చదువు పూర్తిచేసి, అధికారి కాబోయే ముందు కింద పని నేర్చుకోమని కంపెనీ పంపిన మనిషి. అంతకు ముందు వచ్చినవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని, నాలుగు రోజులు తిరిగి, పైకి వెళ్ళిపోయారు. ఇతను దూది తీసేసి, "అక్కా, మీరేం మాట్లాడుకుంటున్నారు?" అని అడిగాడు. ఆ ప్రశ్న షెడ్డులో అంతవరకు ఎవరూ అడగలేదు. రేడియో మురిసిపోయింది. తమ్ముడూ అని పిలిచి కూర్చోబెట్టి నేర్పింది. నాలుకను వెతక్కు, బుగ్గలు చూడు, గడ్డం చూడు, మాట మొదలు జారిపోయినా తోక పట్టుకుంటే చాలు అని చెప్పింది. అతను పట్టుదలగా నేర్చుకున్నాడు. ఒకటే లోపం. అవతలివాళ్ళ మాట చదివేటప్పుడు తన పెదవులు కూడా సన్నగా కదిలేవి, పలక మీద అక్షరాలు కూడబలుక్కునే పిల్లల్లాగా. అది చూసి టీ బల్ల దగ్గర అందరూ పడీ పడీ నవ్వేవారు. "నీకు రహస్యం చెప్పేకంటే గోడకి అంటించడం మేలు తమ్ముడూ," అని రేడియో ఆటపట్టించేది. పై ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయే రోజున అతను ఆమె చేతులు రెండూ పట్టుకుని, ఇక్కడ నేర్చుకున్నది ఎక్కడా మరిచిపోనన్నాడు. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. ఒకరోజు మిల్లుకు మేనేజరై తిరిగొచ్చాడు. పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది. షెడ్డు గుమ్మంలో నిలబడి రేడియో వైపు చూసి పెదవులతో "అక్కా, బాగున్నావా?" అన్నాడు. ఆమె చేతిలో నూలు కండె జారి కింద పడింది. ఆ పూట షెడ్డంతా మనవాడొచ్చాడు అన్న మాటే.

వస్తూనే పాత మేనేజరు ఇటుకల గది పడగొట్టించాడు. షెడ్డు చివర ఎత్తైన అరుగు వేయించి, దాని మీద గాజుగది కట్టించాడు. నాకూ మీకూ మధ్య గోడ ఉండకూడదు, నేనేం చేస్తున్నానో మీరూ చూడొచ్చు అన్నాడు. అప్పట్లో పెద్దాఫీసుకు కొత్త ఆలోచన ఒకటి పట్టుకుంది. పనివాళ్ళు మనసు విప్పడం లేదు, విప్పితేనే పని బాగుంటుంది అని. 'మనసు విప్పి మాట్లాడండి' అని గోడలనిండా బొమ్మలు అంటించారు. నెలనెలా ఒక కాగితం ఇచ్చేవారు. దానిమీద నవ్వే ముఖం, ఏడ్చే ముఖం, అటూ ఇటూ కాని ముఖం. తమకు నచ్చినదాని మీద టిక్కు పెట్టాలి. ఆ మూడో ముఖం అచ్చం మా ఆయనే అని రేడియో అంటే వరసంతా నవ్వింది. చివరికి, షెడ్డు తరఫున వారానికొకసారి గాజుగదికి వెళ్ళి అందరి మంచీచెడ్డా చెప్పడానికి ఒక మనిషి కావాలన్నారు. ఆ మనిషికి 'వారధి' అని పేరు, రొమ్ము మీద పెట్టుకోవడానికి ఒక బిళ్ళ. తమ్ముడు వేలు చూపకముందే అందరి ముఖాలూ రేడియో వైపు తిరిగాయి. బిళ్ళ వంకరగా ఉందని వదినే దగ్గరకొచ్చి సర్దిపెట్టింది.

రేడియో ఆ పనిని నిష్ఠగా చేసింది. మందపాటి అద్దాల వెనక చప్పుడు బాగా తగ్గే ఆ గాజుగదిలో కుర్చీ వేసేవారు, టీ బిస్కట్లు పెట్టేవారు. తాగే నీళ్ళ గురించీ, కిటికీ రెక్కల గురించీ, నడవలో నూనె మరకల గురించీ చెప్పేది. కొన్ని బాగయ్యాయి కూడా. షెడ్డులో అనుకునే మాటల్లో ఏది పైకి తీసుకెళ్ళాలో, ఏది అక్కడే వదిలేయాలో ఆమెకు చక్కగా తెలుసు. పప్పులో రాళ్ళు ఏరినట్టు ఏరి తీసుకెళ్ళేది. ఎవరి పేరూ ఎత్తేది కాదు.

ఇంతలో ఒక్కొక్కరికీ ఇంకో జత మగ్గాలు అంటగడతారన్న వార్త వచ్చింది. షెడ్డు కుతకుతలాడింది. మీసాల పెద్దాయన ఒకాయన ఉండేవాడు, అందరికంటే పాతవాడు. వచ్చే వారం మొదట్లో కొత్త మగ్గాలను ఎవ్వరూ ముట్టుకోవద్దు, నోరు తెరవొద్దు, చేతులు కట్టుకుని నిలబడదాం అని ఆయన పెదవి మాటతో ఒక వరసకు చెబితే, ఆ వరస ఇంకో వరసకు చెప్పింది. ఈ సంగతి గాజుగదిలో ఎత్తకూడదని రేడియో తనకు తానే ఒట్టు పెట్టుకుంది. ఆ వారం మొదలు కాకముందే పెద్దాయనను గోడౌనుకు మార్చేశారు. ఆయన మాటకు తలూపినవాళ్ళను ఏరి ఏరి వేరే షిఫ్టుల్లోకి విసిరేశారు. కొత్త మగ్గాలు చప్పుడు లేకుండా వచ్చి కూర్చున్నాయి. అంటే, చప్పుడు చేస్తూనే.

ఎవరో పైకి కబురు మోశారన్నారు. ఎవరన్నది ఎవరూ అనలేదు. గాజుగది మెట్లెక్కే మనిషి ఒక్కతే.

రేడియో అప్పుడు అంత పట్టించుకోలేదు. ఆమెకు వేరే దిగులుంది. వదినకు చూపు మందగిస్తోంది. పడుగులో తెగిన పోగు కనబడటం లేదు. ముందు చేత్తో తడిమి సరిపెట్టుకునేది. తరవాత బట్టలో చాళ్ళు పడసాగాయి. ఒక మధ్యాహ్నం మగ్గం మీద వంగినట్టు వంగి, రేడియో వైపు ముఖం తిప్పి పెదవులతో చెప్పింది.

"నాకు పోగులు ఆనడం లేదే. మీ అన్నకి కూడా చెప్పలేదు. తెలిస్తే నన్ను ప్యాకింగుకు తోస్తారు. నీ కడుపులోనే పెట్టుకో."

"పోగులు కనబడనిదానివి, నా మొహం ఎలా కనబడుతోంది?"

"నీ నోరు పెద్దది కాబట్టి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజునుంచి రేడియో తన మగ్గాలతోపాటు వదిన మగ్గాల మీద కూడా ఒక కన్ను వేసింది. ఎడమ అంచున తెగింది, నడుమ పోగు వదులైంది అని చెబుతూ వచ్చింది. వదినకు అందేటట్టు నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా విడివిడిగా, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పేది. వీలైనప్పుడు తనే వెళ్ళి ముడి వేసేది. షెడ్డులో అంత విప్పారిన పెదవి మాట ఎవరూ మాట్లాడి ఉండరు.

కొన్నాళ్ళకు వదినకు గాజుగదినుంచి పిలుపొచ్చింది. కళ్ళ డాక్టరుకు చూపించారు. మర్నాడే ప్యాకింగు గదికి మార్చారు. తమ్ముడు ఎంతో మర్యాదగా చెప్పాడట, "మీ మేలు కోరే మనిషే మాకు చెప్పారు. తప్పుగా అనుకోకండి," అని.

ఆ సాయంత్రం గేటు దగ్గర వదిన నిలబడి ఉంది. గేటు బయట చప్పుడు ఉండదు. అక్కడ గొంతుతోనే మాట్లాడాలి.

"బిళ్ళ బాగా మెరుస్తోందే," అంది వదిన.

"వదినా, నేను ఒక్క ముక్క కూడా..."

"నువ్వు కాకపోతే ఇంకెవరికి తెలుసో చెప్పు. ఒక్క పేరు చెప్పు. నమ్ముతాను."

రేడియో ఆలోచించింది. ఒక్క పేరు కూడా తట్టలేదు. అబద్ధమాడి ఎవరి పేరో చెప్పడం చేతకాక, "ఎవరికీ తెలియదు," అంది. వదిన తల ఊపి వెళ్ళిపోయింది. ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చిన అన్న ఆమె వెనకాలే, చెల్లెలి వైపు చూడకుండా నడిచాడు.

మర్నాటినుంచి షెడ్డులో తలుపులు పడ్డాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె ఎటు చూస్తే అటు ముఖాలు అవతలికి తిరిగేవి. వరస వెంట నడుస్తుంటే గాలి తగిలిన పైరులా తలలన్నీ వాలి పక్కకు ఒరిగేవి. ఎదుట పడ్డ పరాయివాడికైనా నోరు విప్పితే నాలుగు మాటలు చెప్పవచ్చు. ముఖం తిప్పుకున్న సొంతవాళ్ళకు ఏమని చెబుతాం? టీ బల్ల దగ్గర ఆమె కూర్చోగానే మిగిలినవాళ్ళకు పనులు గుర్తుకొచ్చేవి. ఇంటికెళ్ళి భర్తతో చెప్పింది. ఆయన భూతద్దం తీసి, "నువ్వు నిద్దట్లో కూడా పెదవులు కదుపుతావు," అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు, పాపం. కానీ ఆ రాత్రినుంచి ఆమెకు తనమీద తనకే అనుమానం పట్టుకుంది. బిస్కట్టు నముల్తూ ఎక్కడైనా నోరు జారానా? నీళ్ళ సంగతి చెబుతూ కళ్ళ సంగతి చెప్పానా?

చివరికి వారపు వంతు రాకముందే గాజుగదికి వెళ్ళింది. కుర్చీలో కూర్చోకుండా నిలబడే అడిగింది. వదిన సంగతి చెప్పింది నేను కాదని షెడ్డుకు మీ నోటితో చెప్పండి సార్ అని. సార్ అనొద్దు అన్నాడతను. ఎవరు చెప్పారన్నది పెద్ద విషయమా అక్కా అన్నాడు. ఆవిడ చూపు పాడైతే నాడె తగిలి చెయ్యి పోయేది కదా అన్నాడు. అతని మాటలో అన్యాయం ఎక్కడుందో ఆమె పట్టుకోలేకపోయింది. అయినా అడిగింది.

"మరి మేలు కోరే మనిషన్నారట. ఎవరా మనిషి?"

అతను జవాబు ఇవ్వబోయి ఆగాడు. చూపు ఆమె భుజం మీదుగా షెడ్డులోకి పోయింది. పోయి అక్కడ నిలిచింది. అతని పెదవులు సన్నగా కదిలాయి, పలక మీద అక్షరాలు కూడబలుక్కునే పిల్లల్లాగా.

రేడియో వెనక్కి తిరిగి చూసింది. ఇన్నాళ్ళూ ఆ గదిలో ఆమె కుర్చీ షెడ్డుకు వీపు పెట్టే ఉండేది; ఆ వైపునుంచి షెడ్డును చూడటం అదే మొదలు. ఎత్తునుంచి చూస్తే ఒక్కో నడవా ఒక్కో పుటలా పరుచుకుని ఉంది. నూలు దుమ్ము మధ్య ముఖాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. కింద కండెల బండి తోసే ఆమె తన కోడలు అలిగి పుట్టింటికి పోయిన సంగతి ఎవరికో చెబుతోంది. అదే మాట ఇక్కడ తమ్ముడి పెదవుల మీద ఉంది.

తను విప్పి విప్పి, ఒక్కో మాటా విడదీసి, నోరంతా తెరిచి వదినకు చెప్పిన మాటలన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. గుడ్డివాడు కూడా చదవగలిగేటట్టు చెప్పింది.

"నువ్వేనా?" అంది.

తమ్ముడు దాచలేదు. "మేలు కోరే మనిషిని నేను కాదా అక్కా? మీ మాట వినమని నన్ను పంపారు. మీరు పైకొచ్చి చెప్పేవి నీళ్ళూ కిటికీలూ. అసలు మాటలు కింద చెప్పుకుంటారు. అవి వినకపోతే విన్నట్టెలా అవుతుంది?"

"నామీద పడుతుందని తెలుసు కదా నీకు."

అతను బిస్కట్ల పళ్ళెం కాస్త ముందుకు జరిపాడు.

ఆమె కిందికి వచ్చింది. ఎవరికి చెప్పాలి? చెప్పబోతే ముఖాలు తిరుగుతున్నాయి. తన మగ్గాల దాకా నడిచి, గాజుగదికి ఎదురుగా తిరిగి నిలబడింది. అప్పుడే కండెల బండి నడవలోకి వచ్చింది. ఆ బండి తోసే ఆమెకు ముఖం తిప్పుకునే సౌకర్యం లేదు. తిప్పితే బండి మగ్గానికి కొట్టుకుంటుంది. రేడియో గాజుగది వైపు చూస్తూ, వదినకు చెప్పినట్టే నోరంతా తెరిచి, ఒక్కో మాటా విడివిడిగా అంది.

"తమ్ముడూ. నీ మెడ మీద. జెర్రి పాకుతోంది."

గాజుగదిలో మేనేజరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. కాలరు మీద టపటపా కొట్టుకుని, చొక్కా విదిలించి, నేలంతా వెతికాడు. కండెల ఆమె రేడియో నోటిని చూసింది. వెనక్కి తిరిగి గాజుగదిని చూసింది. బండి వదిలేసింది. ఆమె చేతులు గాలిలో లేచాయి. ఆ వార్త షెడ్డు రెండో కొసకు చేరడానికి ఎప్పటికంటే తక్కువ సమయమే పట్టింది. తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి. తమ్ముడు విదిలింపు ఆపి, అద్దం అవతల అన్ని ముఖాలూ తనవైపే తిరిగి ఉండటం చూశాడు. ఒక్క పెదవీ కదలడం లేదు.

ఆ తరవాత షెడ్డులో ఎవరూ పెదవి మాట మాట్లాడలేదు. నూలు దుమ్ముకు కట్టుకోమని కంపెనీ ఏనాడో ఇచ్చిన ముక్కుగుడ్డలు, అంతవరకు సంచుల అడుగున పడి ఉన్నవి, అందరి ముఖాల మీదికీ వచ్చాయి. అవి కట్టుకున్నందుకు పెద్దాఫీసునుంచి మెప్పు వచ్చింది. నెల చివర కాగితాల్లో అందరూ నవ్వే ముఖం మీదే టిక్కు పెట్టారు. ఈ మిల్లులో మనుషులు ఇంత సంతృప్తిగా ఎప్పుడూ లేరని గోడమీద అంటించారు. తమ్ముడు ఒకసారి కిందికి దిగి రేడియో చెవిలో అరిచాడు, నలుగురిలో నన్ను అలా నవ్వులపాలు చేస్తావనుకోలేదక్కా అని. అతని కళ్ళల్లో నిజంగానే నొప్పి ఉంది. ఆమె బిళ్ళ తీసి అతని జేబులో వేసి, తెగిన పోగు ముడి వేయడానికి వంగింది.

టీ బల్ల దగ్గర మళ్ళీ చోటిచ్చారు. కండెల ఆమె తన గ్లాసు తెచ్చి రేడియో పక్కన పెట్టుకుంది. ఎవరూ తప్పయిందని అనలేదు, రేడియో అడగలేదు. కబుర్లు చెప్పమని మాత్రం ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కొత్తగా చేరినవాళ్ళకు ఆమెను రేడియో అని ఎందుకంటారో అర్థమయ్యేది కాదు.

సెలవు రోజున వదిన ఇంటికి వచ్చింది. ప్యాకింగు గదిలో చప్పుడు లేదు కనక గొంతుతో మాట్లాడటం అలవాటై, ఇంట్లో అడుగుపెట్టగానే గలగలా మొదలుపెట్టింది. కళ్ళద్దాలు వచ్చాయి గానీ దగ్గరివే కనబడుతున్నాయి, గది అవతలి గోడ ఇంకా మసకే అంది. మీ అన్నకు మోకాళ్ళ నొప్పులు అంది. గోడౌనులో పెద్దాయన మీసం తీసేశాడంది. చివరికి, కాస్త తగ్గి, "ఎవరు మోశారో తెలిసిందిలే. మనసులో పెట్టుకోకు," అంది.

రేడియో గది అవతలి చివర పొయ్యి దగ్గర ఉంది. టీ గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగింది. కొట్టులోంచి ఇంటికి తెచ్చుకున్న గడియారం విప్పుతూ భర్త తల వంచుకుని ఉన్నాడు. ఆమె పెదవులు కదిలాయి, చప్పుడు లేకుండా.

నేనే మోశానని నువ్వెలా నమ్మావు వదినా? అతను పరాయివాడు. నువ్వెలా నమ్మావు?

వదిన కళ్ళు చికిలించి ముందుకు వంగింది.

"ఏంటే? నాకు ఆనడం లేదు. గట్టిగా చెప్పు."

రేడియో గిన్నె దించి గ్లాసులో టీ పోసింది. దగ్గరికి వచ్చి వదిన చేతిని పట్టుకుని, అందులో గ్లాసు పెట్టింది.

"ఏం లేదు వదినా. వేడిగా ఉంది, చూసుకుని తాగమన్నాను," అంది గట్టిగా.